కుండీల్లో ఎక్కడైనా, అడవిలో ఒక్క మూలనే: వీనస్ ఫ్లైట్రాప్ చిక్కుముడి

ఆకులతో పురుగులను పట్టే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క గురించి మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే కుండీతో సహా ఇంటికి వచ్చేస్తుందని ఒకటి. అడవిలో దాన్ని తవ్వితే జైలుకు పోవాల్సి వస్తుందని, అంత అపురూపమైన మొక్క అని ఇంకొకటి. దానికి అంతరించే ప్రమాదమేమీ లేదని అమెరికా ప్రభుత్వమే 2023లో తేల్చేసిందని మూడోది. వింటే ఒకదానికొకటి పొసగవు. కానీ మూడూ నిజమే.

హైదరాబాద్‌లో ఒక నర్సరీ నుంచి ఈ మొక్క తెచ్చి రెండు నెలల్లో చంపుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. రోజూ బోరు నీళ్లు పోశాను. బక్కచిక్కుతోందని చెంచాడు వర్మీకంపోస్టు కూడా వేశాను. మంచికని చేసిన ఆ రెండు పనులే దానికి ముప్పు తెచ్చాయని తర్వాత తెలిసింది. ఎరువు వేస్తే చచ్చే మొక్క ఏమిటి అని వెతకబోతే, పై మూడు మాటల చిక్కుముడి కూడా ఆ ప్రశ్న దగ్గరే విడింది.

## పేరులోనే ఉన్న ఎలుకల బోను

దీని శాస్త్రీయ నామం డయోనియా మసిపుల. డయోనియా అంటే గ్రీకు పురాణాల్లోని దియోనే కూతురు, అంటే రోమన్లు వీనస్ అని కొలిచిన దేవత. మసిపుల అంటే లాటిన్‌లో ఎలుకల బోను. ఈగలు పట్టే మొక్కకు ఎలుకల బోను పేరు పెట్టడం విడ్డూరమే గానీ, బోను అనే మాట మాత్రం దీనికి సరిగ్గా అతుకుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఆకు చివరి ఆ ఉచ్చును బోను అనే పిలుస్తాను.

రాతపూర్వకంగా దీని ప్రస్తావన మొదట కనిపించేది 1759లో. అప్పటి నార్త్ కరొలైనా గవర్నర్ ఆర్థర్ డాబ్స్ లండన్‌లోని పీటర్ కాలిన్సన్ అనే వృక్షశాస్త్ర ప్రేమికుడికి రాసిన ఉత్తరంలో ఈ వింత మొక్కను వర్ణించాడు. తర్వాత 1768లో జాన్ ఎల్లిస్ అనే ఇంగ్లండు ప్రకృతి పరిశీలకుడు దానికి శాస్త్రీయ నామం పెట్టి, మొక్కలకు పేర్లు పెట్టే పద్ధతినే కనిపెట్టిన లినేయస్‌కు ఆ సంగతి రాశాడు. ఈ మొక్క పురుగుల నుంచి పోషణ పొందుతోందని ఎల్లిస్ అనుమానం. లినేయస్ ఒప్పుకోలేదు. మొక్క జంతువును తినడం సృష్టి క్రమానికే విరుద్ధమని ఆ రోజుల నమ్మకం. పురుగు గింజుకోవడం ఆపగానే ఆకు దాన్ని వదిలేస్తుందని ఆయన భావించాడు. అంత పెద్దాయన మాట కాబట్టి అనుమానం వందేళ్లకు పైగా తీరకుండానే ఉండిపోయింది. చివరికి 1875లో చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కల మీద ఒక పుస్తకమే రాసి, ఇవి నిజంగానే పురుగులను జీర్ణం చేసుకుంటాయని ప్రయోగాలతో చూపించాడు. మూడేళ్ల తర్వాత ఆయన కొడుకు ఫ్రాన్సిస్, ఇదే కుటుంబానికి చెందిన డ్రాసిరా మొక్కలకు తిండి పెట్టి, పెట్టకుండా పెంచి చూశాడు. తిన్నవి ఎక్కువ విత్తనాలు కాశాయి.

## తీరప్రాంతపు మొక్క అంటే ఉప్పు నీటి మొక్క కాదు

దీన్ని తీరప్రాంతపు చిత్తడి నేలల మొక్క అంటారు. ఆ మాట వినగానే మనకు కోరింగ మడ అడవులో, పులికాట్ ఒడ్డో కళ్లముందు మెదులుతుంది. ఈ మొక్క అలాంటిది కాదు. ఉప్పు తగిలితే బతకదు. ఇక్కడ తీరప్రాంతం అంటే సముద్రం నుంచి లోపలికి పదుల కిలోమీటర్ల మేర పరుచుకున్న చదునైన ఇసుక మైదానం.

ఆ మైదానమంతా కాదు, అందులో ఒక్క మూలే దీని పుట్టిల్లు. అమెరికా తూర్పు తీరంలో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని విల్మింగ్టన్ పట్టణాన్ని కేంద్రంగా పెట్టి సుమారు 120 కిలోమీటర్ల వ్యాసార్థంతో ఒక వలయం గీస్తే, ప్రపంచంలోని సహజమైన వీనస్ ఫ్లైట్రాప్‌లు దాదాపు అన్నీ అందులోకి వచ్చేస్తాయి. దక్షిణం వైపు సౌత్ కరొలైనాలోకి కొంచెం, పడమర ఇసుక కొండల వైపు కొంచెం పాకింది, అంతే. హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు నేరుగా గీత గీస్తే ఎంత దూరమో, ఆ వ్యాసార్థం సుమారుగా అంత. పైగా వలయంలో పెద్ద భాగం అట్లాంటిక్ సముద్రమే.

ఇలా ఒక్క ప్రాంతానికే పరిమితమైన జీవిని స్థానీయ జాతి అంటారు. మన శేషాచలం, నల్లమల కొండల ఎర్రచందనం కూడా దాదాపు ఇలాంటిదే. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఫ్లోరిడా వాయవ్య భాగంలో కూడా ఈ మొక్కలు అడవిలో కనిపిస్తాయి. అవి ఎవరో తెచ్చి నాటితే స్థిరపడ్డవి. అడవిలో పెరుగుతున్నంత మాత్రాన సహజ జాతి కాదు, నాటిన చోట బతికినంత మాత్రాన పుట్టిల్లూ కాదు.

ఈ మూల నేల తీరు విచిత్రం. అడుగున ఇసుక, పైన సగం కుళ్లిన ఆకుల పీట్, చేయి లోతున నీరు. మట్టి ఆమ్ల గుణంతో పుల్లగా ఉంటుంది. లాంగ్‌లీఫ్ పైన్ అనే పొడవాటి సూదుల్లాంటి ఆకుల చెట్లు దూరదూరంగా నిలబడి ఉంటాయి, వాటి కింద మోకాలెత్తు గడ్డి. ఈ గడ్డి మైదానం ఒక అంచున పొకోసిన్ అనే దట్టమైన పొదల బురద నేలగా మారిపోతుంది. మన మొక్క పూర్తి ఇసుకలో ఉండదు, పూర్తి బురదలోనూ ఉండదు. ఆ రెండూ కలిసే సన్నటి అంచునే దీని కాపురం.

## పురుగు దానికి అన్నం కాదు, ఎరువు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. మాంసాహార మొక్క అనగానే అది పురుగులు తిని బతుకుతుందని అనుకుంటాం. నిజానికి తన అన్నం తనే వండుకుంటుంది. దానికీ పచ్చటి ఆకులున్నాయి, ఎండ నుంచి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి చక్కెర తయారు చేసుకుంటుంది. పురుగు నుంచి అది పొందేది నత్రజని, భాస్వరం. రైతు భాషలో చెప్పాలంటే యూరియా, డీఏపీ.

ఆ ఇసుక నేలలో ఈ రెండూ దాదాపు లేవు. వేరే మొక్కలైతే నీరసించిపోతాయి. ఈ మొక్క వేళ్లతో దొరకనిదాన్ని ఆకులతో పట్టుకోవడం నేర్చింది. వేళ్లు నీటి కోసం, ఆకులు ఎరువు కోసం. ఈ సర్దుబాటుకు మూల్యం కూడా చెల్లించింది. బోను చేయడానికి, మూయడానికి, జీర్ణరసం ఊరించడానికి చాలా శక్తి కావాలి. మామూలు సారవంతమైన నేలలో ఆ శక్తిని ఆకులు పెంచడానికి వాడే గరికతోనో, తుంగతోనో ఇది పోటీ పడలేదు. అంటే మాంసాహారం దాని బలం అనుకుంటాం గానీ, ఎవరూ బతకని చోట బతకడానికి చేసుకున్న ఏర్పాటు మాత్రమే అది.

నా కుండీలో జరిగింది ఇదే. బోరు నీటిలోని లవణాలు, వర్మీకంపోస్టులోని పోషకాలు మట్టిలో పేరుకుపోయి వేళ్లను దెబ్బతీశాయి. దానికితోడు ఈ మొక్క చలికాలంలో కొన్ని నెలలు నిద్రపోవాలి. విల్మింగ్టన్ చుట్టుపక్కల చలికాలంలో మంచు గడ్డకట్టే రాత్రులు ఉంటాయి, ఆకులు కుదించుకుని నేలలోని దుంప మీద ఆధారపడి గడుపుతుంది. హైదరాబాద్ చలి దానికి చలే కాదు.

## బోను లెక్కపెట్టే తీరు: ఒకటి, రెండు, ఐదు

ఆకు చివర రెండు రెక్కలు, పుస్తకం తెరిచి పెట్టినట్లు. లోపలి వైపు ఒక్కో రెక్క మీద మామూలుగా మూడు సన్నటి వెంట్రుకలు. ఏ పురుగైనా ఒక వెంట్రుకను కదిలిస్తే బోను మూసుకోదు. సుమారు 20, 30 సెకన్ల లోపు రెండోసారి అదే వెంట్రుకో, ఇంకోటో కదిలితే మూసుకుంటుంది.

ఎందుకిలా? రెండు సందర్భాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. వాన చినుకు పడి ఒక వెంట్రుక వంగింది. మళ్లీ అదే బోనులో చినుకు పడేసరికి నిమిషం దాటిపోయింది. మొదటి లెక్క చెరిగిపోయింది, బోను తెరుచుకునే ఉంది. ఇప్పుడు ఒక చీమ ఎక్కింది. అంచున ఊరే తీపి కోసం అటూ ఇటూ తిరుగుతూ పది సెకన్లలో రెండు వెంట్రుకలు తాకింది. బోను పడింది. ఉత్తుత్తి అలారానికి మూసుకుంటే మళ్లీ తెరుచుకోవడానికి చాలా గంటలు పడుతుంది, ఆ లోపు అసలు వేట పోతుంది. ఒక్కో బోనూ జీవితకాలంలో కొద్దిసార్లే పనిచేసి నల్లబడి రాలిపోతుంది. కాబట్టి ప్రతి మూతా ఖర్చే.

ఈ లెక్క వెనుక ఉన్నది విద్యుత్ సంకేతం. వెంట్రుక వంగగానే రెక్క అంతా ఒక చిన్న కరెంటు అల పాకుతుంది. డార్విన్ ప్రోద్బలంతో బర్డన్ శాండర్సన్ అనే ఇంగ్లండు శరీరశాస్త్రవేత్త 1873లోనే దీన్ని కొలిచాడు. మన అత్తిపత్తి ముడుచుకోవడంలోనూ ఇలాంటి సంకేతమే ఉంది, జగదీశ్ చంద్ర బోస్ తర్వాత దాని మీద ఎన్నో ప్రయోగాలు చేశారు. మెదడు లేని మొక్క మొదటి తాకిడిని ఎలా గుర్తుపెట్టుకుంటుందన్న ప్రశ్నకు 2020లో జపాన్ పరిశోధకులు చక్కటి ఆధారం చూపించారు. మొదటిసారి తాకగానే కణాల్లో కాల్షియం పెరుగుతుంది, మెల్లగా తగ్గుతూ పోతుంది. పూర్తిగా తగ్గకముందే రెండో తాకిడి వస్తే కాల్షియం ఒక గీత దాటుతుంది, బోను పడుతుంది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్లన్నమాట. మొదటి చెంబు కారిపోకముందే రెండో చెంబు పోస్తేనే గీత దాకా నిండుతుంది.

లెక్క అక్కడితో ఆగదు. జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించినదేమిటంటే, లోపల చిక్కిన పురుగు గింజుకునే కొద్దీ తాకిడుల సంఖ్య పెరుగుతుంది. సుమారు ఐదు దాటాక జీర్ణరసాల తయారీ మొదలవుతుంది. ఎంత గింజుకుంటే అంత రసం. పెద్ద పురుగుకు పెద్ద వంట, చిన్నదానికి చిన్న వంట. ఆకును పురుగు కొరికినప్పుడు మామూలు మొక్కలు ఆత్మరక్షణకు వాడే హార్మోన్ల కుటుంబమే ఇక్కడ జీర్ణక్రియకు పనిచేస్తోంది. కవచాన్ని కత్తిగా మార్చుకున్నట్లుంది.

ఇంత చక్కగా చెప్పుకున్నాక ఒక మినహాయింపు కూడా చెప్పాలి. రెండుసార్లు తాకాలన్న నియమం పాఠ్యపుస్తకాల్లో రాసినంత ఖరాఖండి కాదు. 2020లోనే స్విట్జర్లండ్‌లోని జ్యూరిక్ పరిశోధకులు వెంట్రుకను బాగా నెమ్మదిగా, ఒకే ఒక్కసారి వంచినా బోను పడగలదని చూపించారు. నత్తనడక పురుగుల కోసం కావచ్చని వాళ్ల ఊహ.

ఇక ఆ వేగం. సెకనులో పదోవంతులో రెక్కలు మూసుకుంటాయి. కండరాలు లేని మొక్కకు ఇదెలా సాధ్యం? ఆడపిల్లలు పెట్టుకునే టిక్‌టాక్ క్లిప్పు గుర్తు తెచ్చుకోండి. మెల్లగా వంచుతూ పోతే ఒక దశలో టక్కున అటువైపు తిరిగిపోతుంది. ఫ్లైట్రాప్ రెక్క కూడా తెరిచి ఉన్నప్పుడు బయటికి ఉబ్బి, లోపల బిగువు దాచుకుని ఉంటుంది. సంకేతం రాగానే కణాల్లో ఒత్తిడి కాస్త మారితే చాలు, రెక్క లోపలికి తిరగబడుతుంది. ఈ సంగతి 2005లో పరిశోధకులు వేగవంతమైన కెమెరాలతో తేల్చారు.

## పువ్వు మీదికి వచ్చేవాళ్లు వేరు, బోనులో పడేవాళ్లు వేరు

పేరులో ఈగ ఉంది గానీ ఈ మొక్కకు ఈగలు పెద్దగా దొరకవు. అడవిలో దీని తిండి ఎక్కువగా చీమలు, సాలెపురుగులు, తర్వాత పేడపురుగు జాతివి, మిడతలు. బోనులు నేలకు ఆనుకుని ఉంటాయి కాబట్టి నడిచే, పాకే పురుగులే చిక్కుతాయి.

అయినా ఒక సందేహం మిగులుతుంది. పరాగ సంపర్కానికి పురుగులు కావాలి, కడుపు నింపడానికీ పురుగులే కావాలి. తన పూలకు మేలు చేసేవాళ్లనే తినేస్తే ఎలా? నార్త్ కరొలైనాలో పరిశోధకులు పూల మీద వాలినవాటిని, బోనుల్లో చిక్కినవాటిని వేరువేరుగా పట్టి 2018లో ఫలితాలు ప్రకటించారు. పూలకు ముఖ్యంగా మేలు చేసేవి ఒక చిన్న ఆకుపచ్చ తేనెటీగ, రెండు రకాల బీటిల్స్. ఆ మూడూ బోనుల్లో కనిపించలేదు. తెల్లటి పూలు జానెడు, జానెడున్నర కాడ మీద పూస్తాయి, బోనులు కింద నేల మీద ఉంటాయి. ఎత్తు తేడా ఒక కారణమై ఉండొచ్చు, రంగు, వాసన కూడా కావొచ్చు.

## నిప్పు పెడితే బతికే మొక్క

బోను గురించి ఎంత చెప్పినా తక్కువే, కానీ ఈ జాతి బతుకు చావులను తేల్చేది బోను కాదు. నిప్పు.

లాంగ్‌లీఫ్ పైన్ మైదానాలు వేల ఏళ్లుగా కొన్నేళ్లకోసారి తగలబడుతూ వచ్చాయి. కొన్ని పిడుగులు పడి, కొన్ని అక్కడి ఆదివాసులు పెట్టిన నిప్పుతో. చెట్లను మాడ్చే కార్చిచ్చు కాదది, నేల మీద పాకే మంట. గడ్డి, పొదలు, ఎండుటాకులు కాలిపోతాయి. పైన్ చెట్టు మందపాటి బెరడు తట్టుకుంటుంది. ఫ్లైట్రాప్ ఆకులు మాడిపోతాయి గానీ దుంప తడి నేలలో భద్రంగా ఉండి మళ్లీ చిగురిస్తుంది. అప్పుడు దానికి అడ్డం లేని ఎండ, విత్తనాలకు ఖాళీ నేల దొరుకుతాయి.

మంట ఆగిపోతే ఏమవుతుందో ఏడాదివారీగా ఊహించండి. మొదటి ఏడాది గడ్డి ఎదుగుతుంది, మొక్క బాగానే ఉంటుంది. మూడు నాలుగేళ్లకు గడ్డి వంగి కింద నీడ పడుతుంది. ఇంకొన్నేళ్లకు పొకోసిన్ పొదలు అంచు దాటి లోపలికి వస్తాయి. పదేళ్లు దాటేసరికి అరచేతి వెడల్పున్న మన మొక్క మీద మనిషెత్తు పొద. దాన్ని ఎవరూ తవ్వుకుపోలేదు, ఎవరూ నరకలేదు, ఆ భూమిలో ఇల్లూ కట్టలేదు. అయినా మొక్క లేదు.

20వ శతాబ్దంలో అమెరికా అడవుల శాఖలు మంటలన్నిటినీ శత్రువుగా చూసి ఆర్పేయడం విధానంగా పెట్టుకున్నాయి. అంతకుముందే కలప కోసం, తారు కోసం లాంగ్‌లీఫ్ అడవులను నరికేశారు. ఒకప్పుడు 9 కోట్ల ఎకరాలున్న ఆ అడవి ఒక దశలో సుమారు 30 లక్షల ఎకరాలకు పడిపోయింది. ఇప్పుడు గ్రీన్ స్వాంప్, హాలీ షెల్టర్ లాంటి రక్షిత ప్రాంతాల్లో శిక్షణ పొందిన సిబ్బంది గాలి, తేమ చూసుకుని కావాలనే నిప్పు పెడుతున్నారు. క్యాంప్ లజూన్ సైనిక స్థావరంలో కూడా ఈ మొక్కలు బాగానే ఉన్నాయి. తుపాకుల సాధనకు అప్పుడప్పుడూ అంటుకునే నిప్పు, బయటివాళ్లు రాకుండా కంచె, రెండూ వాటికి మేలే చేశాయి.

చిక్కల్లా ఊరు పక్కన. బ్రన్స్‌విక్ కౌంటీ అమెరికాలో వేగంగా జనాభా పెరుగుతున్న ప్రాంతాల్లో ఒకటి. కొత్తగా కట్టిన కాలనీ గోడ పక్కన మంట పెడతామంటే ఎవరూ ఒప్పుకోరు. పొగ రోడ్డు మీదికి వస్తే ప్రమాదం, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది. వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. కాబట్టి ఇల్లు కట్టిన స్థలంలోనే కాదు, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలంలో కూడా మొక్క మెల్లగా పోతుంది.

## దొంగతనం: చిన్న లెక్క, పెద్ద దెబ్బ

నర్సరీల్లో దొరికేవి చాలావరకు టిష్యూ కల్చర్‌లో పెంచినవి. ఒక చిన్న ముక్క నుంచి సీసాల్లో వేల మొక్కలు చేస్తారు, చవక కూడా. అయినా అడవి నుంచి తవ్వి అమ్మేవాళ్లు ఉన్నారు. 2014 దాకా నార్త్ కరొలైనాలో అది జరిమానాతో పోయే నేరం. ఆ ఏడాది చట్టం మార్చి జైలు శిక్ష పడే పెద్ద నేరంగా చేశారు. 2015 జనవరిలోనే హాలీ షెల్టర్‌లో 970 మొక్కలు తవ్విన కేసులో నలుగురు పట్టుబడ్డారు.

970 అంటే పెద్ద సంఖ్యా, చిన్నదా? 2019 నాటి లెక్కల ప్రకారం అడవిలో ఉన్నవి సుమారు 3 లక్షలు. ఆ లెక్కన పోయింది ఒక శాతంలో మూడోవంతు కూడా కాదు, వెయ్యికి సుమారు మూడే. కానీ మొక్కలు ఆ వలయమంతా సమానంగా చల్లినట్లు ఉండవు, గుంపులు గుంపులుగా ఉంటాయి. వెయ్యి మొక్కలున్న ఒక గుంపు నుంచి 970 పోయాయనుకోండి, ఆ గుంపు ఇక లేనట్లే. విత్తనాలు తల్లి మొక్కకు దగ్గరలోనే రాలుతాయి కాబట్టి పక్క గుంపు నుంచి వచ్చి ఆ ఖాళీ నింపేవీ తక్కువే. మొలిచిన పిల్ల పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. మొత్తంలో శాతం చూసేవాళ్లకు దొంగతనం చిన్న విషయం, ఒక్కో చోటు చూసేవాళ్లకు పెద్ద విషయం. ఇద్దరి లెక్కా తప్పు కాదు.

## అంతరించిపోతోందా, లేదా? మూడు జాబితాలు, మూడు ప్రశ్నలు

తికమకకు అసలు మూలం, మూడు వేర్వేరు వ్యవస్థలు మూడు వేర్వేరు ప్రశ్నలు అడగడం.

ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఎర్ర జాబితా అడిగేది ఈ జాతికి ముప్పు ఏ స్థాయిలో ఉందని. అందులో వీనస్ ఫ్లైట్రాప్‌ది వల్నరబుల్ అనే మెట్టు, అంటే ముప్పున్న జాతుల్లో కింది మెట్టు. ఈ జాబితాకు చట్టబలం లేదు. సైటిస్ అనేది దేశాల మధ్య వ్యాపారం గురించిన ఒప్పందం. 1992 నుంచి ఈ మొక్క దాని రెండో అనుబంధంలో ఉంది. అంటే సరిహద్దు దాటించాలంటే పత్రాలు ఉండాలి. వ్యాపారం నిషేధమనీ కాదు, మొక్క అంతరిస్తోందనీ కాదు.

మూడోది అంతరించే ప్రమాదమున్న జాతులను జాబితాలో చేర్చి కాపాడే 1973 నాటి అమెరికా ఫెడరల్ చట్టం. అది అడిగేది సూటి ప్రశ్న: ఈ జాతి ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉందా, లేక కనుచూపు మేర భవిష్యత్తులో ఆ స్థితికి వస్తుందా? 2016లో కొందరు శాస్త్రవేత్తలు, సంరక్షణ కార్యకర్తలు అత్యవసరంగా ఈ మొక్కను ఆ జాబితాలో చేర్చాలని అర్జీ పెట్టారు. ఏడేళ్ల పరిశీలన తర్వాత 2023లో ఫెడరల్ వన్యప్రాణి శాఖ అవసరం లేదని తేల్చింది.

అర్జీదారుల వాదన ఇలా ఉంది. పాతవి, ఉన్నవి కలిపి 1958 నాటి అధ్యయనం గుర్తించిన చోట్లు 259. 2016 నాటికి తెలిసినవి 71. అందులో దీర్ఘకాలం నిలబడగలవని బాగా నమ్మకం ఉన్నవి 20 మాత్రమే. మంటలు ఆగుతున్నాయి, ఇళ్లు పెరుగుతున్నాయి, మొత్తం జాతి ఒకే మూలలో ఉంది. శాఖ వాదన ఇంకోలా ఉంది. పెద్ద గుంపులు చాలావరకు ప్రభుత్వ, సంరక్షణ సంస్థల భూముల్లో ఉన్నాయి, అక్కడ క్రమం తప్పకుండా కాలుస్తున్నారు, అవి తట్టుకుని నిలబడతాయి.

రెండు వైపులా అంకెలను కాస్త అనుమానంగానే చూడాలి. 259లో అప్పటికే పోయిన చోట్లు కూడా కలిసి ఉన్నాయి కాబట్టి 259 నుంచి 71కి పడిపోయిందని నేరుగా అనలేం. అలాగే మొక్కల సంఖ్య ఏ ఏడాది లెక్కపెట్టామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కాల్చిన ఏడాది స్పష్టంగా కనిపించే మొక్కలు మూడేళ్ల గడ్డి కింద కంటికి ఆనవు. శాఖ వాదన కూడా ఒక షరతు మీద నిలబడింది. ఆ భూముల్లో ప్రతి కొన్నేళ్లకూ నిప్పు పెట్టే బడ్జెట్, మనుషులు, అనుమతులు అలాగే కొనసాగాలి. ఇది ఒకసారి కంచె వేసి మరిచిపోయే సంరక్షణ కాదు. నాకైతే అసలు వివాదం మొక్కల సంఖ్య మీద కాదనిపిస్తుంది, ఆ షరతును ఎంత నమ్మొచ్చన్న దాని మీద.

జాబితాలో చేర్చి ఉంటే అన్నీ చక్కబడేవా అంటే, అదీ కాదు. ఆ చట్టంలో జంతువులకు, మొక్కలకు ఒక పెద్ద తేడా ఉంది. జాబితాలోని జంతువును సొంత భూమిలో చంపినా నేరమే. మొక్క మాత్రం మామూలుగా భూమి యజమాని ఆస్తి కిందే లెక్క. తన స్థలంలోని మొక్కల మీద ఇల్లు కట్టుకోకుండా ఆ చట్టం ఒక్కటే ఆపలేదు. ఇక నిప్పు పెట్టమని యజమానిని ఏ జాబితా బలవంతం చేయదు. అర్జీదారుల వైపు నుంచి దీనికి జవాబు, జాబితాలో ఉంటే నిధులు వస్తాయి, ప్రభుత్వ పథకాల్లో జాగ్రత్త పెరుగుతుంది అని. అందులోనూ నిజం ఉంది. అదే పైన్ అడవుల్లో ఉండే ఒక వడ్రంగి పిట్ట జాబితాలో ఉండబట్టే అక్కడ చాలా భూముల్లో మంటలు మళ్లీ మొదలయ్యాయి, వాటి కింద ఫ్లైట్రాప్‌లూ లాభపడ్డాయి.

మరి కుండీల్లో పెరిగే లక్షల సంగతి? అవి జాతి పేరును నిలబెడతాయి, అది చిన్న విషయం కాదు. కానీ టిష్యూ కల్చర్ మొక్కలు ఎక్కువగా కొద్ది తల్లి మొక్కల నకళ్లు. అడవిలోని గుంపుల మధ్య ఉన్న వైవిధ్యం, ఆ ఆకుపచ్చ తేనెటీగతో ఉన్న పొత్తు, నిప్పుతో ఉన్న లెక్క సీసాలోకి రావు.

## మన వైపు చుట్టాలు

ఈ మొక్క ఒంటరిదే, దాని ప్రజాతిలో ఇంకో జాతి లేదు. కానీ కుటుంబం పెద్దది. నీటిలో తేలుతూ బుల్లి బోనులతో నీటి పురుగులను పట్టే ఆల్డ్రొవాండా దీనికి అందరికంటే దగ్గరి చుట్టం, అది బెంగాల్ నీటి మడుగుల్లో కూడా దొరికిన మొక్క. కాస్త దూరపు చుట్టం డ్రాసిరా, బడిలో చదువుకున్నదే. జిగురు బొట్ల వెంట్రుకలతో పురుగులను అంటించుకునే ఆ చిన్న ఎర్రటి మొక్క తెలుగు నేల మీద వానల తర్వాత నిస్సారమైన తడి నేలల్లో పెరుగుతుంది. రూపాయి బిళ్లంత ఉంటుంది కాబట్టి తొక్కుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. సారం లేని, నీరు నిలిచే నేల అన్న సూత్రం దానికీ వర్తిస్తుంది.

అసలుదాన్ని అడవిలోనే చూడాలనుకుంటే ఆ అవకాశం తెలుగువాళ్లలో కొందరికి బాగా దగ్గరలోనే ఉంది. నార్త్ కరొలైనాలోని రాలీ, క్యారీ ప్రాంతంలో మనవాళ్లు చాలామందే స్థిరపడ్డారు. అక్కడి నుంచి ఐ-40 రోడ్డు పట్టుకుని రెండు గంటలు పోతే రోడ్డు విల్మింగ్టన్‌లోనే ముగుస్తుంది. ఇంకాస్త దూరంలో కరొలైనా బీచ్ స్టేట్ పార్కులో ఈ మొక్క పేరుతోనే ఒక చిన్న కాలిబాట ఉంది. వెళ్లేవాళ్లు వీడియోల్లో చూసినంత పెద్ద బోనుల కోసం వెతకొద్దు, అవి బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దవి, గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. మే నెలాఖరున అయితే జానెడు కాడల మీద తెల్లటి పూలు దారి చూపిస్తాయి. మిగతా రోజుల్లో ముందు పైన్ మానులను చూడాలి. మోకాలెత్తు దాకా బెరడు నల్లగా మాడి ఉన్న చోట వంగి వెతకాలి.